రోగి వెంట వచ్చినవారికి ఒక పూట అన్నం – చర్చి కమిటీ విరాళాల విజ్ఞప్తి, చిత్తూరు

సంఘస్థులకు, పట్టణంలోని మిత్రులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ప్రభుత్వ ఆసుపత్రిలో చేరిన రోగికి భోజనం ఆసుపత్రే పెడుతుంది. ఇబ్బందంతా వెంట వచ్చిన మనిషికే. పలమనేరు, బంగారుపాళ్యం, గుడిపాల వైపు నుంచి చీకటితోనే బస్సెక్కి వచ్చినవాళ్లు టీ, బన్నుతో మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తారు. అన్న క్యాంటీన్ ఉంది కదా అని కమిటీలోనే ఒకరు అడిగారు. ఉంది, మంచిదే. కానీ సెలైన్ ఎక్కుతున్న తల్లిని వదిలి బయటికి అడుగు పెట్టలేని కూతురికి అది కూడా దూరమే. అలాంటివాళ్ల కోసం సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున రాగిజావ, మధ్యాహ్నం సాంబారన్నం, మజ్జిగ ఇవ్వాలని తీర్మానించాం. రోజుకు 150 మందికి లెక్క వేసుకున్నాం. ఎక్కడ వడ్డించాలో ఆసుపత్రి వాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే పొయ్యి వెలిగిస్తాం.

మన ప్రాంతానికి ఇది కొత్త పని కాదు. చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1900లో, వేలూరులో అమెరికా మిషనరీ డాక్టరమ్మ ఇడా స్కడ్డర్ ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టారు. ఆ తర్వాత మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్ల క్షయ రోగుల ఆసుపత్రి వచ్చింది. ఆ గుమ్మాల్లో ఎవరినీ నీ మతమేంటని అడిగి మందు ఇవ్వలేదు. మనం పెట్టే అన్నానికీ అదే పద్ధతి. పేరు, ఊరు, కులం, మతం ఏదీ అడగం. అందరూ తినగలగాలి కాబట్టి మాంసం, గుడ్డు వండం. వరసలో నిలబడినవాళ్లను ఫోటో తీయం, దాత పేరుతో బ్యానర్ కట్టం. పుట్టినరోజుకు పెడతాం, మా ఫ్లెక్సీ కట్టండి అనేవాళ్లు దయచేసి వేరే చోటు చూసుకోండి.

మరి సువార్త సంగతేంటని యవ్వనస్థులు గట్టిగానే అడిగారు. సువార్త దాచుకునేది కాదు, ప్రకటించమని మనకు ఆజ్ఞ ఉంది. కానీ చేతిలో పళ్లెం పట్టుకున్న మనిషికి వాక్యం చెబితే, అతను వింటున్నది ఆకలి కొద్దీనా, మనసు కొద్దీనా అన్నది చెప్పేవాడికీ తెలీదు, వినేవాడికీ తెలీదు. అందుకే వడ్డన దగ్గర కరపత్రాలు, పాటలు, దేవుడు నాకు ఈ మేలు చేశాడని చెప్పే సాక్ష్యాలు ఏవీ ఉండవు. వంట మీద ప్రార్థన వంటగదిలోనే అయిపోతుంది. "మీరెవరు, ఎందుకు పెడుతున్నారు?" అని ఎవరైనా అడిగితే, "చర్చి వాళ్లమమ్మా, యేసు ప్రభువు మమ్మల్ని ప్రేమించాడు, అందుకని" అని చెప్పి గరిటె అందుకోవాలి. అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు యేసు శిష్యుడు పేతురు. ఇంకా తెలుసుకోవాలనుకున్నవాళ్లు సాయంత్రం అయిదు నుంచి ఏడు లోపు చర్చికి రావచ్చు. తెలుగు, తమిళం, ఉర్దూ సువార్త ప్రతులు అక్కడే ఉంచుతాం, అడిగినవాళ్లకు ఉచితం. రోగి కోసం ప్రార్థన చేయమంటే వార్డు బయట, చిన్న గొంతుతో చేయాలి. నయమవుతుందని మాట ఇవ్వకూడదు. ప్రార్థన చేశాం కదా, మాత్రలు మానేయండి అన్న మాట నోట వచ్చిన వాలంటీరును ఆ రోజే పక్కన పెడతాం. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు లేకపోయినా మన పద్ధతి ఇదే.

ఇక వంట. జావకు మూడు కిలోల రాగిపిండి, 30 లీటర్ల నీళ్లు. పిండిని ముందు ఆరు లీటర్ల చన్నీళ్లలో కలిపి, తర్వాత మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. పొడిపిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, తిప్పడం ఆపితే అడుగంటుతుంది. షుగర్ ఉన్నవాళ్లూ తాగుతారు కాబట్టి బెల్లం వద్దు, ఉప్పు, మజ్జిగ చాలు. గ్లాసు అందించే ముందు మాత్రం ఒక ప్రశ్న అడగాలి: "పరగడుపున రక్తపరీక్ష ఉందా? ఇది మీకా, రోగికా?" ఆపరేషన్‌కు కడుపు ఖాళీగా ఉంచమన్న రోగికి వెంట వచ్చినవాళ్లు ప్రేమ కొద్దీ జావ పట్టించేస్తారు. అది ప్రాణం మీదికి రావచ్చు. రోగులకు మన చేత్తో ఏదీ పెట్టం.

సాంబారన్నానికి 15 కిలోల బియ్యం, మూడున్నర కిలోల కందిపప్పు, ఆరు కిలోల కూరగాయలు. ఒకే గిన్నెలో ఎక్కిస్తే పైన పలుకుండగానే అడుగు మాడుతుంది, అందుకే రెండు గిన్నెల్లో వండాలి. పప్పు మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే ఎంతసేపున్నా ఉడకదు, ఆపైన మన బోరు నీళ్లలో పప్పు మామూలుగానే తొందరగా ఉడకదు. పదకొండుంబావుకు దించి పన్నెండుకు వడ్డన మొదలుపెడితే రెండు లోపు గిన్నె ఖాళీ కావాలి. మిగిలింది సాయంత్రానికి దాచం. వండిన అన్నంలో బతికి ఉండే కొన్ని సూక్ష్మక్రిములు వదిలే విషం మళ్లీ కాచినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. కొబ్బరి చట్నీ కూడా వద్దు, ఎండాకాలం మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

స్త్రీల సమాజం పిడికెడు చొప్పున బియ్యం కూడబెట్టే పెట్టెలు మళ్లీ ఇళ్లకు ఇస్తోంది. ఒక మనవి: సోనామసూరి, దొడ్డు బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే పెట్టెలో కలపకండి. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దవుతుంది. కొత్త బియ్యం కంటే ఆరు నెలలు నిలవున్నవి మేలు. రేషన్ బియ్యం మాత్రం తీసుకోం.

ఖర్చు ఇలా వేశాం: బియ్యం 780, పప్పు 455, కూరగాయలు 240, నూనె 225, చింతపండు పొడులు ఉప్పు 200, రాగిపిండి 150, పెరుగు 360, గ్యాస్ 240, వంటమనిషికీ తోడుమనిషికీ 1,000, ఆటో 400. మొత్తం రోజుకు 4,050 రూపాయలు, మనిషికి 27. నెలకు 13 రోజులకు 52,650. ఒక్కసారి లక్ష ఇచ్చే దాత కంటే నెలనెలా 270 ఇచ్చే ఇళ్లు రెండొందలు మాకు ముఖ్యం. లక్ష రెండు నెలల్లో అయిపోతుంది, ఆశపడి వచ్చినవాళ్లు మూడో నెల ఖాళీ చేతులతో వెనక్కి పోతారు. యేసు చెప్పిన కథలో, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడు అతని కోసం పూటకూళ్లవాడికి ఇచ్చింది రెండు దేనారాలు, అంటే ఆ కాలపు రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానని కూడా చెప్పి వెళ్లాడు. మాకు కావలసింది ఆ రెండో మాట.

డబ్బు సంఘం బ్యాంకు ఖాతాకే పంపండి. క్యూఆర్ కోడ్ చర్చి ఆఫీసు గోడకు అంటించినదొక్కటే మనది, వాట్సాప్‌లో తిరిగేదాన్ని నమ్మకండి. నగదు ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. ఒక్కరి నుంచి ఒక్క రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. విరాళాలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు మన సంఘానికి లేదు, మినహాయింపు రాదు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు భారత పౌరులైతే సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ మనకు లేదు కాబట్టి, ఎంత ప్రేమతో పంపినా తిప్పి పంపాల్సిందే.

కానుకల డబ్బు మోసేటప్పుడు నింద రాకుండా అపొస్తలుడైన పౌలు తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు. ఇక్కడ చెక్కు మీద కోశాధికారితో పాటు కమిటీలో ఇంకొకరి సంతకం ఉంటుంది, నెల మొదటి ఆదివారం జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెడతాం. ఇతర మతాల మిత్రులు ఎవరైనా వచ్చి చూడవచ్చు, కూరగాయలు తరగడానికీ రావచ్చు, ఆరున్నరకల్లా రండి.

డబ్బు కాక వస్తువులు ఇవ్వాలనుకున్నవాళ్లకు: 50 లీటర్ల గిన్నెలు రెండు, మూతలతో సహా, ఇంకా దొరకలేదు. అల్యూమినియం వద్దు, చింతపండు పులుసుకు పనికిరాదు. స్టీలువే ఇప్పించండి.

ఇట్లు,
చర్చి కమిటీ, చిత్తూరు