సీటు కావాలన్నది ఎవరు, లోను కట్టేది ఎవరు?

సంపాదకులు గారికి,

ఎడ్యుకేషన్ లోను తల్లిదండ్రులు కట్టాలా, పిల్లలు కట్టాలా అని పది రోజుల కిందట మీ పత్రికలో అరపేజీ చర్చ వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను, కళ్లజోడు రిపేరుకిచ్చి ఉండటంతో ఆలస్యమైంది. ఒకాయన కన్నవాళ్ల బాధ్యత అన్నారు, ఇంకొకావిడ జీతం వచ్చేవాడే కట్టుకోవాలి అన్నారు. అసలు ఆ సీటు కావాలన్నది ఎవరు అని ఒక్కరూ అడగలేదు.

మావాడు బీకాం చదువుతానన్నాడు. నేను వినలేదు. మా తోడల్లుడి కొడుకు కంప్యూటర్ ఇంజినీరింగ్, అదే సీఎస్‌ఈ మరి! ఎంసెట్ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో రాదని తెలిసీ మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించాను. బ్యాంకు ఇచ్చింది ఇవ్వగా మిగతాది చిట్టీ పాడి కట్టాను. ఆ రోజు బ్యాంకులో ఆఫీసరు పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం చేస్తూ పోయాను, పాతిక దాకా ఉంటాయి. నా పేరు పక్కన ‘కో-బారోయర్’ అని ఇంగ్లీషులో ఉంటే సాక్షి సంతకం లాంటిదేమో అనుకున్నాను; నేనూ అప్పు తీసుకున్నవాణ్ణే అని దాని అర్థమట. పక్కన మావాడు ఫోన్ చూసుకుంటూ వాడివి వాడు పెట్టాడు. ఇద్దరం చదవలేదు. నాలుగు లక్షల దాకా తాకట్టూ అక్కర్లేదు, ష్యూరిటీ అక్కర్లేదు అని గొప్పగా చెబుతారు. ఎందుకు కావాలండీ, తండ్రే నడిచే ష్యూరిటీ కదా.

కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదన్నారు గానీ వడ్డీ పడదని అనలేదు. అన్నేళ్ల వడ్డీ అసలులో కలిసి వచ్చిన కాగితం చూసి మా ఆవిడ “ఇది మనదేనా, ఇంకెవరిదైనా మనింటికి వచ్చిందా?” అంది. మావాడికి ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్‌కి ఎనిమిది నెలలు తిప్పారు. ఈలోగా ఆ ఏడాది గడువు అయిపోయి మూడు ఈఎంఐలు తప్పాయి. ఫోన్లన్నీ నాకే. “పెన్షన్ పడుతుంది కదా సార్, అకౌంట్లో ఉంచండి” అని పొద్దున్నే మొదలు. తర్వాత పెచ్చులూడుతున్న స్లాబు బాగుచేయించడానికి చిన్న లోను అడిగితే నా సిబిల్ స్కోరు, అదే అప్పులు సరిగ్గా కడుతున్నామా అని వేసే మార్కులు, బాగాలేదన్నారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చేబదులు కూడా ఎగ్గొట్టనివాణ్ణి!

ఇప్పుడు వాడికి ఉద్యోగం ఉంది. కట్టరా అంటే “నేనడిగానా నాన్నా ఈ కోర్సు?” అన్నాడు. కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. అందుకే సగం వాడు, సగం నేను కడుతున్నాం. అమెరికాలో ఎంఎస్ చేస్తాను, ఇల్లు తాకట్టు పెట్టండి అని అన్నం మానేసి కూర్చున్న పిల్లల సంగతి వేరు. వాళ్లు పైసాతో సహా వాళ్లే కట్టాలి, అందులో మొహమాటం ఏముంది? చదివించడం మా బాధ్యత కాదని నేననడం లేదు. డిగ్రీ దాకా చదివిస్తే తీరిపోయే బాధ్యత డెబ్బయ్యో ఏటి దాకా ఈఎంఐ రూపంలో ఎందుకు వెంటాడాలి అంటున్నాను.

అసలు అప్పు దాకా ఎందుకు వెళ్లాల్సి వస్తోందో మన నాయకులనడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. బకాయిలిప్పించండి బాబూ అని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టుకున్నాయి, యాజమాన్యాలే రోడ్డెక్కితే ఇక మా గతేంటి? కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని చదువు లోన్ల పథకం తెచ్చింది. సంతోషమే, కాకపోతే ర్యాంకింగుల్లో ముందున్న సంస్థల్లో సీటొచ్చిన పిల్లలకే. వాళ్లకెలాగూ బ్యాంకులు పిలిచి ఇస్తాయి. ఇక లోను వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపు అంటారా, పాత పద్ధతిలో ఉన్నవాళ్లకే. అందర్నీ కొత్త పద్ధతిలోకి తోసేసి ఈ మాట చెప్పడం బాగుంది!

బ్యాంకులవాళ్లు ఒక్క పని చేయొచ్చు. ఆ పాతిక సంతకాల్లో ఒకటి పెట్టించుకునే కాగితమైనా తెలుగులో ఉంచి, “మీ అబ్బాయి కట్టకపోతే మీరే కట్టాలి, మీ పెన్షన్ అకౌంట్ చూస్తాం” అని పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇంటూ మార్కు పెట్టే ఆఫీసరే అది పైకి చదివి వినిపించాలి. ఆ రోజు నాకెవరైనా అలా చదివి ఉంటే మావాణ్ణి బీకాంలోనే చేర్చేవాణ్ణేమో.

ఇట్లు,
ఒక పెన్షనర్