జేజిని జైసల్మేర్ తీసకపోయి తెచ్చాం, సాయం పట్టిన అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. కనుమ వెళ్ళిన మూడో రోజు ఒంగోల్లో రైలెక్కి పోయిన ఆదివారం తిరిగొచ్చాం. 31 మందిమి పోయాం, 31 మందిమీ వచ్చాం, దార్లో పోయింది ఒక స్టీలు క్యారేజీ మూత, చిన్నత్త కళ్ళజోడు, అంతే. వచ్చిన రోజే రాద్దామనుకున్నా గానీ బట్టలు ఉతికేకొద్దీ ఇసక రాలతానే ఉంది, ఈ రోజుకి కుదిరింది. ఎవరెవరికి థ్యాంక్స్ చెప్పాలో కాగితం మీద రాసుకుని కూర్చున్నా, అయినా ఎవరో ఒకరిని మర్చిపోతా, తిట్టుకోమాకండి.

అసలు ఎడారికి ఎందుకు పోయారబ్బా అని అడిగిన వాళ్ళకి ముందు ఇది చెప్పాలి. మా తాత మిలటరీలో లారీ డ్రైవరు. 1970ల్లో కొన్నేళ్ళు జైసల్మేర్ పక్క పనిచేశాడు. సెలవు పెట్టి కనిగిరి కాడ మా ఊరొచ్చినప్పుడల్లా ఆ ఎడారి కబుర్లేనంట, రాత్రికి రాత్రి ఇసక వచ్చి రోడ్డు మూసుకుపోయేదనీ, పొద్దున్నే పారలు తీసుకుని రోడ్డుని వెతుక్కునేవాళ్ళమనీ. అన్నీ నమ్మేది జేజి, ఒక్కటి తప్ప. "ఆడ గూడా మన జమ్మి చెట్లుండాయే" అనేవాడంట. "కొయ్యమాకయ్యా, ఇసకలో జమ్మి చెట్టేంది" అని జేజి. ఈ తగువు యాభై ఏళ్ళు నడిచింది. తాత పోయి తొమ్మిదేళ్ళయింది, అయినా జేజి ఒక్కతే ఇంకా నడుపుతానే ఉంది.

మొన్న దసరాకి జమ్మి చెట్టు చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ అదే మాట ఎత్తింది. ఆ టైంలో డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. సంక్రాంతికి ఎట్టాగూ వస్తన్నా కదక్కా, అందరం కలిసి పోయి ఉందో లేదో చూసొద్దాం పాండి అన్నాడు. అనేసి వాడు గమ్మున ఫోన్ పెట్టేశాడు, ప్లానింగ్ నా మెడకి చుట్టుకుంది. ఎక్సెల్ షీట్ వేస్తానని చిన్నప్పటినించీ నాకున్న చెడ్డపేరు అట్టాంటిది.

మనుషుల లెక్క చూస్తే భయమేసింది. జేజికి 84, అందరికన్నా చిన్నోడికి 14 నెలలు, మధ్యలో షుగరు వాళ్ళు నలుగురు, బైపాస్ అయిన పెద్దమావ, మోకాళ్ళు పోయిన అత్తలిద్దరు, పదకొండేళ్ళ లోపు కోతులు ఏడుగురు. ముందు ఒక ట్రావెల్స్ వాళ్ళకి, పేరెందుకులే, 40 వేలు అడ్వాన్స్ కట్టాం. డబ్బు పడిన మర్నాటి నుంచి ఫోనెత్తలేదు. పోరగా పోరగా 25 వేలు వెనక్కొచ్చినయ్, మిగతాది తిరుపతి హుండీలో వేశామనుకున్నాం.

అప్పుడు దొరికాడు గిద్దలూరు పక్క పల్లెటూరాయన ఒకాయన, రిటైర్డ్ మిలటరీ, పేరు రాయొద్దన్నాడు, సార్ అనే అంటా. మా పెద్దక్క వియ్యపురాలి తమ్ముడి స్నేహితుడు, అంటే మాకు ఏమీ కాడు. ఆయన ఫోన్లో నాకు చెప్పిన పాఠం గంటన్నర. "గోడ కట్టి గేటు పెట్టిన పార్కు కాదమ్మా డెజర్ట్ నేషనల్ పార్క్, 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్ జిల్లా, బాడ్‌మేర్ జిల్లా రెంట్లోనూ ఉండాది, లోపల ఊళ్ళుంటాయి, గొర్రెలుంటాయి. అంతా ఇసక దిబ్బలనుకోమాక, ఎక్కువ భాగం రాళ్ళ నేల, గడ్డి, పొదలు." దిబ్బల కోసం అందరూ సామ్ పోతారు, టౌను నుంచి నలభై కిలోమీటర్లు, కానీ రాత్రిళ్ళు టెంట్లలో డీజేలు మోగుతుంటే మీ జేజి నిద్రపోదు, ఖూరీ పోండి అన్నాడు. జనవరి పొద్దున ఏడెనిమిది డిగ్రీలకి దిగుద్ది, పెద్దోళ్ళని పదింటికి ముందు గదిలోంచి కదిలించొద్దు, నాలుగింటికల్లా వెనక్కి తెచ్చెయ్యండి, రోజుకి ఒక్క చోటే చూపించండి అన్నాడు. ఈ చివరి మాట నేను షీట్‌లో ఎర్ర రంగేసి పెట్టుకున్నా. మా పెద్దమావ రోజుకి నాలుగు చోట్లు రాసుకొచ్చిన లిస్టు మీద రెండు రోజులు అలిగాడు, అలగనీ. డల్లాస్ పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు గదా, బోర్డర్ వైపు ఊళ్ళకి వాళ్ళకి వేరే పర్మిషన్ కావాలని గుర్తుచేసింది కూడా సారే, అందుకే తనోట్ గుడి ప్లాన్లోంచి తీసేశాం. సార్, మీరు లేకపోతే మేం సామ్‌లో డీజే పక్కన కూర్చుని ఏడ్చేవాళ్ళం.

రైలు సంగతి. డల్లాస్ వాళ్ళు నలుగురూ జోధ్‌పూర్‌కి ఫ్లైట్‌లో వచ్చారు, చంటిపిల్లలిద్దరికీ టికెట్ అక్కర్లా, మిగిలిన 25 మందికి నవజీవన్‌లో అహ్మదాబాద్ దాకా బెర్తులు కావాలి. 60 రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి ఓపెన్ అవుద్ది, ఒక టికెట్ మీద ఆరుగురిని మించి ఎక్కించనీదు, కాబట్టి ఐదు టికెట్లు, ఐదు ఫోన్లు, ఐదిళ్ళలో ఐదుగురం ఒకేసారి నొక్కడం. అయినా జేజికి సైడ్ అప్పర్ పడింది. 84 ఏళ్ళ మనిషికి! రైలెక్కినాక తన లోయర్ బెర్త్ ఇచ్చి పైకెక్కిన కావలి కుర్రాడికి, సూరత్‌లో ఉద్యోగం అన్నాడు, చాలా థ్యాంక్స్ తమ్ముడూ, మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి నీ బ్యాగ్‌లో కారలేదనుకుంటా.

నెల్లూరు మూలాపేటలో ఉండే ఒక మేడమ్ ఫిజియోథెరపిస్టు. మడత వీల్‌చైరు, దానితోపాటు మేం అడక్కుండానే కమోడ్ కుర్చీ కూడా ఇచ్చి పంపారు. చెప్పడానికి మొహమాటమే గానీ చెప్తా, ఈ ట్రిప్‌ని నిలబెట్టింది ఆ కమోడ్ కుర్చీ. పల్లెటూళ్ళలో ఉండే గదులకి బయట బాత్‌రూములు, రాత్రి చలి, పెద్దోళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు లేవాల్సొస్తదని, దాంతో కళ్ళు తిరుగుతాయి. కుర్చీ ఉంది కాబట్టి జేజి ధైర్యంగా నీళ్ళు తాగింది. పెద్దోళ్ళతో పోయే వాళ్ళు ఎవరైనా సరే ముందు దీని గురించి ఆలోచించండి, ఫోటో స్పాట్ల గురించి తర్వాత.

అట్టా అందరం జోధ్‌పూర్ చేరినాక, ఆడి నుంచి రెండు టెంపో ట్రావెలర్లు. మా డ్రైవరు భాయ్‌ది ఆ జోధ్‌పూర్ పక్కే. జేజి జమ్మి చెట్టు చూడాలంటందని మా అన్న వచ్చీరాని హిందీలో చెప్తే, ఆయన బండి స్లో చేసి, ఖేజ్‌డీ గురించా, అని మొదలుపెట్టాడు, జమ్మిని వాళ్ళు అట్టా అంటారు. వాళ్ళ దగ్గర ఖేజడ్లీ అని ఊరుంది, 1730లో రాజుగారి మనుషులు ఆ చెట్లు కొట్టటానికొస్తే, చెట్లనీ జంతువుల్నీ కాపాడటమే ధర్మమనుకునే బిష్ణోయిలు చెట్లని కావిలించుకుని నిలబడ్డారు, 363 మంది ప్రాణాలు పోయినయ్. అన్న తెలుగులో చెప్తుంటే జేజి, "చెట్టుకి తలకాయలిచ్చినారా" అని ఒక్క మాటంది, తర్వాత పోఖ్రన్ దాకా ఎవరితోనూ మాట్లాడలా.

అసలైన చెట్టు దగ్గర మాత్రం కామెడీ అయింది. జైసల్మేర్ దాటి ఖూరీ రోడ్డులో భాయ్ బండి ఆపి అదిగో అన్నాడు. చూస్తే మొండి మాను, కొమ్మలన్నీ నరికేసి ఉంది. చలికాలంలో మేకలకీ ఒంటెలకీ మేతకి నరుకుతారంట, ఆ ఎండిన ఆకుని లూంగ్ అంటారంట. జేజి కిటికీలోంచి చూసి "ఇదా? ఇది జమ్మి కాదు, మీ తాత నన్ను మోసం చేసినాడు" అని తేల్చేసింది. బండి ఇంకో రెండు కిలోమీటర్లు పోయినాక కొట్టకుండా వదిలేసిన చెట్టు ఒకటి కనపడితే భాయే తనంతట తను ఆపాడు. జేజిని దింపాం. కర్ర పక్కన పెట్టి, ఒక రెమ్మ పట్టుకుని, ముల్లు చూసింది, ఆకు వెనక్కి తిప్పి చూసింది, రెండాకులు నలిపి వాసన చూసింది. ఆ తర్వాత చెప్పులు విడిచి "శమీ శమయతే పాపం" మొదలుపెట్టింది. మేమంతా జనవరిలో, రాజస్థాన్ రోడ్డు పక్కన, దసరా చేసుకున్నాం. బండెక్కేటప్పుడు "నిజమే చెప్పినాడు ముసిలోడు" అంది. అంతే, ఇంకేం అన్లా.

ఖూరీలో మేం దిగిన ఇంటి వాళ్ళకి తెలుగు రాదు, వాళ్ళు ఇది చదవరు, అయినా రాస్తా. మట్టి గోడలు, పేడతో అలికిన నేల, జేజికి అడుగుపెట్టగానే నచ్చేసింది. ఆ ఇంటి పెద్దావిడ రెండు అరచేతుల మధ్యే పిండిముద్దని అటూ ఇటూ తట్టి సజ్జ రొట్టె చేస్తది, పీట లేదు, గుడ్డ లేదు. జేజి పక్కన కూర్చుని, మేం ఇట్టా కాదు, సంగటి చేస్తాం అని చేత్తో గెలికి చూపించింది. ఆవిడ మార్వాడీలో, ఈమె కనిగిరి తెలుగులో, రెండు సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుని మాట్లాడుకున్నారు, ఇద్దరికీ ఏం అర్థమైందో మాకు తెలీదు గానీ ఒక చోట ఇద్దరూ కోడళ్ళ వైపు చూసి నవ్వారు. వర్షం అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే, ఆ నీళ్ళనే నేల కింద కట్టిన తొట్టిలో, టాంకా అంటారు, పట్టి దాచుకుంటారు. ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టి పెరిగిన మా అత్తలు ఆ టాంకా మూత తీయించి మరీ లోపలికి తొంగి చూశారు. మేమేదో ఎడారికి పోయామనుకుంటే జేజికి అది సొంతూరి లెక్కనే ఉంది. జిల్లేడు చెట్టు, సజ్జలు, జమ్మి, నీళ్ళకి కటకట, ఒక్క ఇసకే ఎక్కువ.

ఇసకలో వీల్‌చైరు రెండడుగులు కూడా పోలేదు, చక్రాలు దిగబడిపోయినయ్. అప్పుడు ఒంటె బండి పిల్లోడు వచ్చాడు. బేరం మాత్రం గట్టిగా ఆడాడు, ఒక్క రూపాయి తగ్గలేదు, కానీ బేరం తెగినాక వాళ్ళింటికి పరిగెత్తి రెండు బొంతలు తెచ్చి పరిచాడు, జేజికి వెనక ఆనుకోడానికి దిండు కట్టాడు. ఒంటెని చూసి జేజి "మన ఒంగోలు గిత్తకున్న ఠీవి దీనికేదిరా" అంది గానీ, దిగమంటే దిగలా.

పార్కు లోపల సుదాసరీ వైపుకి అందర్నీ తీసకపోలేదు, పన్నెండు మందిమే, పర్మిట్ ముందే రాయించుకుని. అక్కడి గార్డు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అరగంట నోరు మూయించాడు, ఆ ఒక్క పనికే ఆయనకి పాదాభివందనం. చింకారా జింకలు బాగానే కనపడ్డాయి. గోడావణ్ పిట్టలు, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, మాత్రం దూరంగా, బైనాక్యులర్స్‌లో, రెండు. ముందు చూసింది మా చెల్లెలి కూతురు. మీటరు ఎత్తుండే పిట్ట, మగది 15 కిలోల దాకా తూగుద్ది, మామూలుగా ఏడాదికి ఒకటే గుడ్డు, ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనపడక గుద్దుకుని చస్తాయంట, దేశంలో బయట తిరిగేవి 150 దాకానే ఉంటాయంట. కర్నూలు మావ అప్పుడు గుర్తుచేశాడు, ఇది మన బట్టమేక పిట్టేనబ్బా, ఒకప్పుడు రోళ్ళపాడులో ఉండేవి అని. మనూరి పక్క పిట్టని చూడ్డానికి రెండు వేల కిలోమీటర్లు పోయామన్నమాట.

ఇంకా, షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఎట్టా సర్దుకోవాలో టైం టేబుల్ వేసిచ్చిన మా వీధి మెడికల్ షాపు అన్నకి, పది రోజులు మా గేదెలకి గడ్డేసి పాలు పితికిన ఎదురింటి వదినకి, ఒంగోలు మైసూర్‌పాక్ నాలుగు కిలోలు స్టేషన్‌కే తెచ్చిచ్చిన పిన్నికి, అడగ్గానే స్వెట్టర్లు ఇచ్చిన అందరికీ. మన దగ్గర స్వెట్టరు ఎవరింట్లో ఉంటది అసలు, మీరు ఎట్టా వెతికి ఇచ్చారో. ఖర్చు తలకి 14 వేలు లోపే తేలింది, ఫ్లైట్ వాళ్ళది కాకుండా, లెక్క షీట్ కావాల్సిన వాళ్ళకి పంపిస్తా.

ఖూరీ పెద్దావిడ వచ్చేటప్పుడు జేజి కొంగులో ఎండబెట్టిన సాంగ్రీ మూట కట్టింది, అంటే జమ్మి కాయలే. మన దగ్గర మేకలు తినే కాయలు, అక్కడ పెళ్ళిళ్ళలో కూర. నానబెట్టి, చింతపండు పోసి, మన పద్ధతిలో పులుసు పెడతానని జేజి పట్టుబట్టింది. ఎట్టా వస్తదో తెలీదు. ఈ గురువారం మధ్యాహ్నం, ఒంగోల్లో ఉన్న వాళ్ళు, పేరు రాసినా రాయకపోయినా, భోజనానికి ఇంటికి రండి. స్వెట్టర్లు ఉతికి మడతపెట్టి ఉంచా, ఆ రోజే ఇచ్చేస్తా. మెరూన్ రంగు మంకీ టోపీ ఒకటి మిగిలిపోయింది, ఎవరిదో చెప్పండి.