రాడార్ల, పరిశోధన నౌకల లెక్కలు ప్రజల ముందుంచండి

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు యజమాని నమస్కారాలు. విడిగా పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ఎదుట రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా ఊళ్లోనే తీరం దాటింది. ముందస్తు హెచ్చరికల వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆ మేలు మరవలేదు. వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్‌కు 2024లో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్లు ఆమోదించింది. అదే ఏడాది కోల్‌కతాలో సముద్ర పరిశోధన నౌక నిర్మాణానికి సుమారు 840 కోట్ల ఒప్పందం కుదిరింది. ఇవి అవసరమైన ఖర్చులే అని నా నమ్మకం. అందుకే లెక్క అడుగుతున్నాను.

వేటకు ముందు డీజిల్, ఐసు, బియ్యం అప్పు తెచ్చి నింపుతాం. హెచ్చరిక వచ్చి బోటు ఆగితే ఐసు రేవులోనే కరిగిపోతుంది, కళాసీలకు ఆ వారం చేతిలో పైసా ఉండదు. హెచ్చరిక ఆలస్యమైతే ఇళ్లలో ఆడవాళ్లు తెల్లవార్లూ ఫోన్ పట్టుకుని టెన్షన్‌తో కూర్చుంటారు. అంచనా ఎంత కచ్చితంగా ఉంటే మాకు అంత నష్టం తగ్గుతుంది.

కైలాసగిరి మీద తుపాన్లను పసిగట్టే డాప్లర్ రాడార్‌తో సహా ఆధునికీకరణ పనులకు మంజూరెంత, ఖర్చెంత, ఏ రాడార్ ఎన్ని రోజులు పనిచేయలేదు, నౌక ఖర్చు అంచనా పెరిగితే ఎందుకు పెరిగింది అన్నవి మూడు నెలలకోసారి తెలుగులోనూ ప్రకటించాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అభ్యంతరాలేవైనా ఉంటే మీ శాఖ సమాధానాలూ అందులో చేర్చాలి. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగేలోగా మొదటి నివేదిక ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మత్స్యకారుడు, విశాఖపట్నం