మంచం మీంచి పడిన ప్రతి బిడ్డకూ సీటీ స్కాన్ అక్కర్లేదు

సంపాదకులకు,

పసిబిడ్డ మంచం మీంచి పడగానే ‘ఎందుకైనా మంచిది, స్కాన్ తీయండి’ అనడం, తీసేయడం మామూలైపోతోంది. సీటీ అంటే ఎక్స్‌రే కిరణాలే. ఎదిగే మెదడుకు అవి ఎంత తగ్గితే అంత మేలు. కదలకుండా ఉండడానికి కొందరికి మత్తూ ఇవ్వాల్సి వస్తుంది.

తలకు దెబ్బ తగిలిన ఏ బిడ్డకు స్కాన్ కావాలో, ఎవరికి అక్కర్లేదో చెప్పే పెకార్న్ నియమాలు ఇక్కడ దారి చూపిస్తాయి. అమెరికాలో అలా దెబ్బ తగిలిన 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో వీటిని ప్రకటించారు. రెండేళ్లలోపు బిడ్డ మగతగా ఉన్నా, పుర్రె ఎముక విరిగినట్టు చేతికి తగిలినా వెంటనే స్కాన్ తీయాల్సిందే. నుదుటి మీద బొప్పి ఒక్కటే అయితే కంగారు అక్కర్లేదు. చెవి పైన, తల వెనక వాపు అలా కాదు. జుట్టు కింద మెత్తగా దాగి ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే తలంతా వేళ్లతో నెమ్మదిగా తడమాలి. మూడడుగులకు మించి ఎత్తు నుంచి పడినా, 5 సెకన్లు స్పృహ తప్పినా, ‘వీడు ఎప్పటిలా లేడు డాక్టర్’ అని తల్లి అన్నా తేలిగ్గా తీసుకోకూడదు. వీటిలో ఒక్కటే ఉండి, బిడ్డకు మూడు నెలలు దాటితే, దెబ్బ తగిలినప్పటి నుంచి 4-6 గంటలు ఆసుపత్రిలో కనిపెట్టి ఉంటే చాలాసార్లు సరిపోతుంది. ఏ లక్షణమూ లేని పసివాళ్లలో ప్రమాదకరమైన గాయం 5,000 మందిలో ఒకరికన్నా తక్కువ.

రెండేళ్లు నిండిన పిల్లల్లో చూడాల్సినవి వేరు: వాంతులు, తీవ్రమైన తలనొప్పి, స్పృహ తప్పడం, 5 అడుగులకు మించిన ఎత్తు. చెవి వెనక కమిలినా, ముక్కులోంచి నీళ్లలా కారినా స్కాన్ తప్పదు.

క్యాజువాలిటీలో ఇలా కనిపెట్టి ఉంచేందుకు ఒక మంచం కేటాయించాలి. దెబ్బ తగిలిన సమయం కేస్ షీట్‌లో మొదటి వరుసలోనే రాయాలి.

– పిల్లల అత్యవసర విభాగం వైద్యులు