ఎయిర్‌సాఫ్ట్ సంఘం వార్షిక నివేదిక: మైదానంలో భద్రత, ఆటలో నిజాయతీ

సభ్యులందరికీ నమస్కారం. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: ఎయిర్‌సాఫ్ట్ అంటే చిన్న ప్లాస్టిక్ గుండ్లు కాల్చే ఆట గన్నులతో జట్లుగా ఆడే ఆట, గుండు తగిలినవాళ్ళు తామే ఒప్పుకుని చెయ్యెత్తి ఔట్ కావాలి.

ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా తలపట్టుకున్నది మూడింటి దగ్గర: గన్ శక్తి కొలవడం, కళ్ళ రక్షణ, "తగిలిందా, లేదా" అనే పంచాయితీ. మిగతావి చివర్లో క్లుప్తంగా ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.

క్రోనో బల్ల

ఇదివరకు క్రోనో (గుండు వేగం కొలిచే యంత్రం) బల్ల దగ్గర ప్రతి గన్నునీ 0.20 గ్రాముల బీబీతో (గన్ను కాల్చే ప్లాస్టిక్ గుండు) కొలిచి, 330 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) దాటకపోతే స్టిక్కరు అంటించి లోపలికి పంపేవాళ్ళం. అందులో పెద్ద కన్నం ఉంది. బరువైన బీబీ బ్యారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, వెనకనున్న గ్యాసు దాన్ని అంతసేపూ తోస్తూనే ఉంటుంది. అందుకే 0.20తో సరిగ్గా 1 జౌల్ (గుండు మోసుకెళ్ళే శక్తికి కొలత) చూపించిన గ్యాస్ గన్ను 0.30 బీబీతో 1.2 దాకా ఎక్కగలదు. బల్ల దగ్గర తేలిక బీబీ, ఆటలో బరువు బీబీ వాడితే స్టిక్కరుకి అర్థమే లేదు.

ఇప్పుడు పరిమితి జౌల్‌లోనే: 1 జౌల్. బల్ల మీద అతికించిన చీటీలో ఉన్న లెక్క ఇది: 0.20 బీబీకి 328 ఎఫ్‌పీఎస్, 0.25కి 293, 0.28కి 277, 0.32కి 259. ఆటలో వాడబోయే మ్యాగజైన్‌తోనే (బీబీలు నింపే డబ్బా), అందులోని బీబీతోనే, హాప్-అప్ (బీబీకి వెనక్కి తిరుగుడు ఇచ్చి దూరం పంపే అమరిక) ఆటలో ఉంచే చోటే ఉంచి 5 షాట్లు కొట్టాలి. సగటు తీయం. అయిదింటిలో ఎక్కువ చూపిందే లెక్క. హాప్-అప్ పూర్తిగా బిగించి వేగం తగ్గించి చూపించే చిట్కా అందరికీ తెలిసిందే, మార్షల్స్‌కి (ఆట పర్యవేక్షకులు) కూడా. కొలిచిన వెంటనే ఆ తిప్పుడు మీద పెయింట్ పెన్నుతో గీత గీస్తున్నాం. గీత కదిలితే మళ్ళీ వరసలో నిలబడాలి.

బీబీ బరువు మీద అనుమానం వస్తే బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఉంది. పది బీబీలు కలిపి తూచాలి, ఒక్కటి తూస్తే కాటా తడబడుతుంది. 0.28 అని చెప్పినవి పది కలిపితే 2.8 గ్రాములు రావాలి.

మన ఊరి ఎండ సంగతి వేరే. గ్రీన్ గ్యాస్ అంటే ప్రధానంగా ప్రొపేన్, కొంచెం సిలికాన్ ఆయిల్. ప్రొపేన్ ఆవిరి పీడనం 20 డిగ్రీల దగ్గర సుమారు 8.4 బార్ ఉంటే, 40 డిగ్రీల దగ్గర 13.7 బార్‌కి ఎక్కుతుంది. పొద్దున ఏడింటికి పాసైన పిస్టల్, మే నెల పదిన్నరకి ఎండలో పెట్టిన మ్యాగజైన్‌తో అదే పిస్టల్ కాదు. కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా గ్యాస్ గన్నులకి పదిన్నరకి రెండోసారి క్రోనో తప్పనిసరి. స్ప్రింగుతో నడిచే ఎలక్ట్రిక్ గన్నులకి ఈ రెండో కొలత అక్కర్లేదు.

కళ్ళు

మెష్ (జాలి) గాగుల్స్ ఈ ఏడాది నుంచి పూర్తిగా నిషేధం. చెమటకి మసక పట్టవని చాలామందికి ఇష్టమే. కానీ మనం ఆడేది నల్లరాతి గుండ్ల మధ్య. నాసిరకం బీబీ దగ్గరి నుంచి గ్రానైట్‌కి తగిలితే ముక్కలైపోతుంది. 6 మిల్లీమీటర్ల గుండుని ఆపే జాలి ఆ ముక్కని ఆపదు.

లెన్స్ మీద, ఫ్రేము మీద గుర్తు చదవడం నేర్చుకోండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 166లో "ఎఫ్" అని ఉంటే 6 మిల్లీమీటర్ల, 0.86 గ్రాముల ఉక్కు గుండుని సెకనుకి 45 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షించారని అర్థం. అది సుమారు 0.87 జౌల్, మన పరిమితి కన్నా తక్కువ! "బీ" గుర్తుంటే అదే గుండు 120 మీటర్ల వేగంతో, అంటే సుమారు 6.2 జౌల్. ఈ గుర్తుల్లో మైదానంలోకి "బీ"నే అనుమతి. అమెరికా ప్రమాణం జెడ్87 ప్లస్ అయితే ముఖానికి చుట్టూ అంటిపెట్టుకునే గాగుల్స్‌కే అనుమతి, చెవులకి తగిలించుకునే కళ్ళద్దాలకి లేదు. పక్కనుంచి వచ్చే బీబీకి వాటి దగ్గర దారి దొరుకుతుంది. లోతైన గీత పడిన లెన్స్ పారేయండి, పగులు అక్కడే మొదలవుతుంది.

వానాకాలంలో మసక అందరికీ ఉండే బాధే. రెండు పొరల లెన్స్ మంచి దారి. లేకపోతే ముందురోజు రాత్రి ఒక బొట్టు గిన్నెలు తోమే లిక్విడ్ లోపలి వైపు రాసి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవండి. ఆట మధ్యలో ఏమీ కనిపించకపోతే నేల మీద మోకాలు ఆనించి, చెయ్యెత్తి "మార్షల్" అని పిలవాలి. గాగుల్స్ ఒక్క అంగుళం కూడా ఎత్తకూడదు. పక్కవాడు ఎత్తడం చూసినవాళ్ళు "కళ్ళు! కళ్ళు!" అని అరవాలి, ఆ అరుపుతో మొత్తం ఆట ఆగుతుంది.

సేఫ్ జోన్ గుమ్మం

ఈ ఏడాది సేఫ్ జోన్‌లో (కాల్చడం నిషేధమైన విశ్రాంతి చోటు) పొరపాటున పేలిన ప్రతి షాటుకీ కారణం ఒక్కటే: వరస తారుమారు. ముందు కాల్చి, తర్వాత మ్యాగజైన్ తీస్తున్నారు. అలా చేస్తే చివరి బీబీ హాప్-అప్ దగ్గర కూర్చునే ఉంటుంది. సరైన వరస ఇది. మొదట మ్యాగజైన్ బయటికి తీయాలి. తర్వాత గుమ్మం పక్కనున్న ఇసుక డ్రమ్ములోకి రెండు షాట్లు, ఏమీ రాకపోతే ఇంకొకటి. ఆపైన సేఫ్టీ, చివరికి బ్యారెల్ తొడుగు. సేఫ్టీ మీట మీద మాత్రం భారం వేయకండి, అరిగిన గేర్‌బాక్సుల్లో అది పేరుకే సేఫ్టీ. ఎర్ర తొడుగు కనిపించని గన్ను బల్ల మీద ఉంటే మార్షల్ తీసి పక్కన పెడతారు, సాయంత్రం ఇస్తారు.

తగిలిందా, లేదా

మోసం అంటూ వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మోసం కాదనే మా అభిప్రాయం. నలభై మీటర్లు వెళ్ళేసరికి బీబీలో పస ఉండదు. మందపాటి వెస్ట్ మీదో, నీళ్ళ సంచి పట్టీ మీదో తగిలితే పరిగెత్తేవాడికి తెలియనే తెలియదు. అందుకే ఆటగాళ్ళ మధ్య "ఒప్పుకో రా" అన్న మాట నిషేధించాం. తగిలిందనిపిస్తే అవతలివాడి చెయ్యి లేచేదాకా కొట్టండి, లేవగానే ఆపండి. అయినా అనుమానం పోకపోతే మార్షల్‌కి చెప్పండి. ఆయన చప్పుడు చేయకుండా ఒక రౌండు ఆ ఆటగాడి వెనక నిలబడతారు. కళ్ళారా చూస్తే మొదటిసారి ఆ ఆట నుంచి, రెండోసారి ఆ రోజంతటి నుంచి బయటికి.

గన్నుకి తగిలినా హిట్టే. ఇది కొందరికి నచ్చలేదు, ఖరీదైన గన్నుని డాలులా అడ్డం పెట్టుకునేవాళ్ళకి మరీను. రాయికి కొట్టుకుని వచ్చింది హిట్ కాదు. కానీ అది రాయి మీంచి వచ్చిందా, నేరుగా వచ్చిందా తేల్చుకోలేకపోతే హిట్టనే తీసుకోవాలి. సొంత జట్టువాడు కొట్టినా అంతే. తల దాచుకుని గన్ను మాత్రం రాతిగుండు పైనుంచి చాపి కాల్చడం నిషేధం, ఎవరి ముఖానికి తగులుతుందో కాల్చేవాడికే తెలియదు కాబట్టి.

"బ్యాంగ్" అని అరిచి దగ్గరివాణ్ణి ఔట్ చేసే పద్ధతి తీసేశాం. ఎవరు ముందు అరిచారన్నది తేల్చడానికే ఆట సమయం అయిపోతోంది. దాని బదులు 6 మీటర్ల లోపు ఒక్క షాటు మాత్రమే, అదీ నడుము కిందే.

మిగతావి

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు: సెల్‌కి 3 వోల్టుల కిందికి దింపకండి, ఇంట్లో పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచండి, 1300 ఎంఏహెచ్ బ్యాటరీని 1.3 ఆంపియర్లకి మించి ఛార్జ్ చేయకండి. ఉబ్బిన బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టడం కన్నా ప్రమాదకరమైన పని ఈ ఆటలో లేదు.

బయో (నేలలో కలిసిపోతాయని అమ్మే) బీబీలు వానకి కరిగిపోతాయన్నది అపోహ. వాటిలో చాలావరకు పీఎల్‌ఏ అనే మొక్కల నుంచి చేసే ప్లాస్టిక్, కంపోస్టు వేడి లేకపోతే ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. పక్క పొలం మేకలు మనవైపే మేతకి వస్తాయి. అందుకని ప్రతి ఆట తర్వాత ఇరవై నిమిషాలు చీపుర్లు, చేటలు.

గన్నులు మూసిన సంచిలోనే తేవాలి, తీసుకెళ్ళాలి. టీ కొట్టు దగ్గర జిప్పు తీసి ఫోటోలు దిగితే, చూసినవాళ్ళు 100కి ఫోన్ చేయడంలో తప్పేమీ లేదు. ఆట ఉన్న ప్రతిసారీ స్థానిక పోలీస్ స్టేషన్‌కి ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తున్నాం, ఇకముందూ అంతే.

సర్వసభ్య సమావేశం ముందుంచే తీర్మానాలు రెండు: రెండో క్రోనో కొనడం, మార్షల్స్‌కి ఆ రోజు ఆట రుసుము మాఫీ చేయడం. మార్షల్ పనికి పేరు ఇవ్వదలచినవాళ్ళు సమావేశానికి వచ్చేటప్పుడు తమ గాగుల్స్ తెచ్చుకోండి, లెన్స్ గుర్తులు అక్కడే చూస్తాం.

— కార్యవర్గం, హైదరాబాద్