కోళ్ల కింద ఏ పొట్టు పరచాలి?

సంపాదకులకు,

వానలు మొదలవగానే పెరటి కోళ్ల టీకాల గురించి పత్రికలు రాస్తాయి. వాటి కాళ్ల కింద పరిచే పొట్టు సంగతి పెద్దగా కనపడదు. అధికారులు వరిపొట్టు పరచమంటారు. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద వరి పండించేవాళ్లకు అది సులువే. అనంతపురంలో మనకు చేతికందేది బుడ్డల (వేరుశనగ) పొట్టు.

దాన్ని వాడొచ్చు. తడిని బాగానే పీలుస్తుంది. చిక్కంతా బూజుతోనే. మిల్లు బయట కుప్పలో ఒక వాన తాగిన పొట్టు పైకి పొడిగానే ఉంటుంది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలి ముక్కవాసన కొడుతుంది. ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరిన కోడిపిల్లలు నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాయి, గురక మాత్రం పెద్దగా వినపడదు. జలుబనుకుని యాంటీబయాటిక్ తాపితే దండగ, ఇది ఫంగస్. అందుకే చిన్న పిల్లల కిందా, గుడ్ల పెట్టెల్లోనూ బుడ్డల పొట్టు వద్దు. పెద్ద కోళ్లకైనా ఎండలో పల్చగా ఆరబోసి, నలిపి పరచాలి.

పిల్లలకు వరిపొట్టు 2 అంగుళాలు చాలు. మొదటి మూడు నాలుగు రోజులు పొట్టు తినకుండా పైన పేపరు పరిచి, రోజూ మార్చాలి. ఉత్త పేపరు మీదే ఉంచితే కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోతాయి. మీ పత్రికైనా సరే! సన్న రంపపు పొట్టును మేతనుకుని మింగుతాయి, వద్దు.

పెద్ద కోళ్లకు వానల్లో 3 నుంచి 4 అంగుళాలు, ఎండాకాలంలో 2 అంగుళాలు. పదడుగుల చదరపు గదికి 3 అంగుళాల మందాన వరిపొట్టు సుమారు 70 కిలోలు పడుతుంది. గుప్పెడు పిడికిట బిగించి వదలండి: విడిపోతే మంచిది, ముద్దగా నిలిస్తే తడెక్కువ. తడిలోనే రక్తపారుడు పెరుగుతుంది. నీళ్ల తొట్టి చుట్టూ గట్టిపడ్డ పొట్టు గడ్డలను తీసి పారేసి, మిగతాది వారానికి రెండుసార్లు తిరగేయాలి. అయినా తడి తగ్గకపోతే 100 చదరపు అడుగులకు కిలో లెక్కన నీళ్లతో చల్లార్చిన సున్నం పొడి చల్లి కలపాలి. కోళ్లను బయటికి తోలాకే ఆ పని.

గుడ్ల పెట్టె అడుగు వెడల్పు, అడుగు లోతు, ముందు 4 అంగుళాల అడ్డుపలక. ఐదు పెట్టలకు ఒకటి. అందులో తరిగిన వరిగడ్డి 3 అంగుళాలు. పేన్లకని వేపాకు వేస్తే ఎండినదే వేయాలి, పచ్చిదైతే చెమ్మ. పడుకునే కర్ర పెట్టెల కన్నా ఎత్తున లేకపోతే కోళ్లు పెట్టెల్లోనే రాత్రంతా రెట్ట వేస్తాయి.

మిల్లుల వాళ్లు పొట్టు కుప్పల మీద ఒక టార్పాలిన్ కప్పితే సగం బాధ తప్పుతుంది.

— ఒక కోళ్ల పెంపకందారు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా