వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

నమస్కారమండీ. మా అక్కకి 43 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు. ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో కూరల సంచి ఎత్తబోతూ గుండె పట్టుకుని కూలబడింది. ఆసుపత్రిలో గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపేశారు. ఈ వయసు ఆడమనిషికి గుండెపోటేమిటన్న ధీమా!

మర్నాడు యాంజియోగ్రామ్‌లో తేలింది: గుండె రక్తనాళం గోడ దానంతటదే చిరిగి, పొరల మధ్య రక్తం చేరి, దారి ఇరుకైపోయింది. దీన్నే స్కాడ్ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. చాలామందికి స్టెంట్ లేకుండానే మానుతుంది, వేస్తే ఒక్కోసారి చిరుగు పెరుగుతుంది. కొందరికి మళ్లీ వస్తుంది. ఆ టెన్షన్‌తో అక్క ఇప్పటికీ బిందె ఎత్తదు.

అమెరికాలో మేయో క్లినిక్ ఈ రోగుల రిజిస్ట్రీ, అంటే వాళ్ల వివరాలన్నీ ఒకచోట నమోదు చేసే పట్టిక, నడుపుతోంది. మన కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)లోనూ ఒకటి పెట్టించండి, రోగులను ఏళ్ల తరబడి గమనించేలా. అక్క రిపోర్టులన్నీ ఫైలు చేసి ఉంచాం, ఎప్పుడడిగినా తెచ్చిస్తాం.